ఒకే అక్షరాలు, వేరు వేరు పుట్టుకలు

ఒడిశా సరిహద్దులోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఒకేసారి మూడు భాషల మధ్య పెరుగుతారు. ఇంట్లో తెలుగు, వీధిలోనూ బడిలోనూ ఒడియా సహజంగానే చెవిన పడతాయి. ఇంగ్లిష్ మాత్రం చాలామందికి కాగితం మీదనే పరిచయమవుతుంది. అందుకే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి పట్టణాల్లో బ్యాంకు, రైల్వే ఉద్యోగాల పరీక్షలకు చదువుకునేవారు ఇంగ్లిష్ మాటలను పట్టికలుగా రాసుకుని వల్లె వేస్తారు. ఫలానా రెండు అక్షరాలతో మొదలయ్యేవి, ఫలానా మూడు అక్షరాలతో ముగిసేవి, నడుమ ఫలానా ముక్క ఉన్నవి అని గుంపులు చేసి, ఒక్కొక్కదాని ఎదుట అర్థం రాసుకుంటారు.

ఈ పద్ధతిని తీసిపారేయవలసిన పని లేదు. అక్షరాల పోలిక జ్ఞాపకానికి మంచి ఆసరా. చిక్కల్లా ఎక్కడంటే, ఆ పోలిక ఎలా వచ్చిందో పట్టిక చెప్పదు. రెండు మాటల్లో ఒకే అక్షరాలు ఉండటానికి ఒకే ధాతువు కారణం కావచ్చు, ఎప్పుడో నోటి నుంచి జారిపోయిన ఉచ్చారణ రాతలో మిగిలిపోవడం కారణం కావచ్చు, ఏ కారణమూ లేకపోనూ వచ్చు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఇద్దరూ ఒక వంశంవారు కానట్టే, ఒకే ముక్కతో ముగిసిన మాటలన్నీ ఒక తల్లి బిడ్డలు కావు. ఈ తేడా తెలియకుండా బట్టీ పట్టిన విద్యార్థి, పరీక్షలో తెలియని మాట ఎదురైనప్పుడు అక్షరాలను నమ్మి అర్థం ఊహిస్తాడు. ఆ నమ్మకం కొన్నిచోట్ల గట్టెక్కిస్తుంది, కొన్నిచోట్ల ముంచుతుంది.

ముంచే ఉదాహరణ ఒడిశా నుంచే వెళ్లింది. ఎన్, ఎ, యు, టి అనే నాలుగు అక్షరాలతో ముగిసే మాటలను ఒకచోట చేరిస్తే ఆస్ట్రోనాట్, కాస్మోనాట్‌ల పక్కన జగ్గర్‌నాట్ కూడా వచ్చి కూర్చుంటుంది. మొదటి రెండింటిలోని ‘నాట్’ గ్రీకు భాషలో నావికుడు అనే అర్థమున్న ‘నౌతేస్’ నుంచి వచ్చింది. ‘ఆస్ట్రో’ నక్షత్రం, ‘కాస్మో’ విశ్వం కనుక ఒకరు నక్షత్ర నావికుడు, మరొకరు విశ్వ నావికుడు. అమెరికా వారు వ్యోమగామిని మొదటి పేరుతోనూ, రష్యా వారు రెండో పేరుతోనూ పిలుస్తారు. జగ్గర్‌నాట్‌కు ఈ నావికులతో ఏ సంబంధమూ లేదు. అది పూరీ జగన్నాథుడి పేరు. 14వ శతాబ్దం నుంచి యూరప్ యాత్రికులు రథయాత్ర గురించి, చక్రాల కింద పడి ప్రాణాలు విడిచే భక్తుల గురించి సగం విన్నవీ సగం కల్పించినవీ రాసి పంపగా, వాటి నుంచి ఇంగ్లిష్‌లో ఆ పేరుకు అడ్డు వచ్చినదాన్నల్లా నలిపివేస్తూ సాగే మహాశక్తి అనే అర్థం స్థిరపడింది. బ్రిటన్‌లో పెద్ద సరుకు లారీని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. అక్షరాలు ఎందుకు అలా కూడాయన్నది కష్టమైన ప్రశ్న కాదు. ఆ కాలపు ఇంగ్లిష్ వారు మన హ్రస్వ అకారాన్ని ‘యు’తో రాసేవారు; పంజాబ్ స్పెల్లింగులో ఇప్పటికీ ఉన్నది ఆ ‘యు’నే. ఆకారాన్ని చాలా చోట్ల ‘ఎ-యు’తోనో ‘ఎ-డబ్ల్యూ’తోనో రాశారు. అలా ‘నాథ’ కాస్తా నావికుడి వేషం వేసుకుంది.

ఇందులో మరో విశేషం ఉంది. గ్రీకు ‘నౌతేస్’కు మూలమైన ‘నౌస్’ అంటే ఓడ. అది సంస్కృతంలోని ‘నౌ’ శబ్దానికి, అంటే మన నౌకకు, నిజమైన తోబుట్టువు. కాబట్టి నాటికల్, నేవీ, నావిగేట్, చివరికి ఓడ ప్రయాణంలో వచ్చే ఓకరింతను చెప్పిన నాసియా కూడా నౌకతో కలిపి గుర్తుంచుకోదగినవి. జగ్గర్‌నాట్‌ను మాత్రం ఆ గుంపు నుంచి తీసి నాథుడి పక్కన పెట్టాలి.

ఇలా మారువేషంలో ఉన్నవి మరో రెండు. ముంగిసను ఇంగ్లిష్‌లో మంగూస్ అంటారు. అది మరాఠీ ‘ముంగూస్’ నుంచి పోర్చుగీసుల ద్వారా ఇంగ్లిష్‌కు చేరిన మాట. తెలుగు ముంగిస దానికి దగ్గరి చుట్టమని వేరే చెప్పనక్కరలేదు. స్పెల్లింగు చివర మాత్రం బాతు జాతి పక్షి ‘గూస్’ అచ్చంగా కనిపిస్తుంది. గూస్‌కు బహువచనం గీస్ కనుక మంగూస్‌కు ‘మంగీస్’ అని రాసే విద్యార్థి అక్షరాలను నమ్మి చెడినవాడే. సరైన బహువచనం మంగూసెస్. అలాగే బ్యాండికూట్ తెలుగు పందికొక్కు. మొదట ఈ దేశపు పెద్ద ఎలుకకు వాడిన ఆ పేరునే తరువాత ఆస్ట్రేలియాలోని ఒక సంచి జంతువుకూ పెట్టారు. దాని చివర కనిపించే ‘కూట్’ అనే నీటిపక్షికి ఇందులో పాత్ర లేదు.

ఇక గట్టెక్కించే వైపు చూస్తే, లాటిన్ ధాతువుల గుంపులు అన్నిటికంటే విలువైనవి. వీటిని నేర్చుకోవడానికి అవసరమైన పద్ధతి తెలుగు, ఒడియా చదివిన విద్యార్థి దగ్గర ముందే ఉంది, కానీ ఎవరూ దాన్ని బయటికి తీయమని చెప్పరు. సంస్కృతంలో ‘ఈక్ష’ అంటే చూడటం. దాని ముందు ఉపసర్గ మారినకొద్దీ పరీక్ష, నిరీక్షణ, సమీక్ష, ప్రతీక్ష, ఉపేక్ష, అపేక్ష పుడతాయి. చుట్టూ చూస్తే పరీక్ష. చక్కగా చూస్తే సమీక్ష. చూసీ పట్టించుకోకపోతే ఉపేక్ష. లాటిన్‌లో ఈ పని చేసే ధాతువు ఎస్-పి-ఇ-సి-టి అక్షరాల్లో ఉంది. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్, తనిఖీ. మరొకసారి వెనుదిరిగి చూడదగినవారిపై ఉండేది రెస్పెక్ట్, గౌరవం. కింది నుంచి ఓరగా చూస్తే సస్పెక్ట్, అనుమానం. ముందుకు చూస్తే ప్రాస్పెక్ట్, రాబోయే అవకాశం. గడిచినదాని వైపు చూస్తే రెట్రోస్పెక్ట్. చుట్టూ చూసుకుని అడుగు వేసేవాడు సర్కమ్‌స్పెక్ట్, అంటే ఆచితూచి నడిచేవాడు. చూసేవాడు స్పెక్టేటర్, చూడటానికి పెట్టుకునేవి స్పెక్టకిల్స్. పోలిక పద్ధతితోనే ఆగదు: మన ‘ప్ర’కూ లాటిన్ ‘ప్రో’కూ, మన ‘పరి’కీ గ్రీకు ‘పెరి’కీ నిజమైన రక్తసంబంధం ఉంది.

అయితే ధాతువు దిక్కు చూపుతుందే తప్ప గమ్యం దాకా చేర్చదు. సరిహద్దు జిల్లాల వారికి దీన్ని వేరే రుజువు చేయనక్కరలేదు. ఒడియాలో ‘అపేక్షా కరిబా’ అంటే ఎదురుచూడటం. తెలుగులో అపేక్ష అంటే కోరిక, లేదా ప్రేమతో కూడిన అభిమానం. ధాతువు ఒకటే, ఉపసర్గ ఒకటే, రెండు ఊళ్ల మధ్య అర్థం పక్కకు జరిగింది. ఇంగ్లిష్‌లో దాదాపు ఈ దారిలోనే నడిచిన మాట ఎక్స్‌పెక్ట్. ‘ఎక్స్’ అంటే బయటికి. బయటికి చూస్తూ ఉండటమే ఎదురుచూడటమూ, ఆశించడమూ అయింది. ఇందులో ధాతువు మొదటి అక్షరమైన ఎస్, ముందున్న ఎక్స్‌లో కలిసి కనుమరుగైంది కనుక అక్షరాల పట్టిక ఈ మాటను పట్టుకోలేదు. పట్టికలో చోటు దక్కని అసలు చుట్టం ఇది.

దొంగ చుట్టాలు కూడా ఈ గుంపుల్లో ఉంటాయి. లాటిన్‌లో మోయడం అనే అర్థమున్న ‘పోర్ట్’ ముక్క ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్టబుల్‌లలో తేలిగ్గానే తెలుస్తుంది. వార్తను తిరిగి మోసుకురావడం రిపోర్ట్. కింద నిలబడి బరువు మోయడం సపోర్ట్. మనిషిని దేశం దాటించి పంపివేయడం డిపోర్ట్. కానీ పోర్ట్రెయిట్‌లో మోత లేదు. అక్కడున్నది ‘ప్రో’ అనే ఉపసర్గకు లాగడం, గీయడం అనే అర్థమున్న వేరే ధాతువు చేరిన రూపం. వాటా అని అర్థమిచ్చే పోర్షన్ కూడా ఈ కుటుంబంలోది కాదు.

ఇంతకంటే ఎక్కువగా తికమక పెట్టేవి పి-ఇ-డి అక్షరాలు. లాటిన్ ‘పెద్’ అంటే పాదం, మన పాదానికి సోదర శబ్దం. దాని నుంచి పెడెస్ట్రియన్, పెడల్, రెండు కాళ్ల ప్రాణి అయిన బైపెడ్, నూరు కాళ్లదని పేరుపడ్డ సెంటిపీడ్ వచ్చాయి. గ్రీకులో పిల్లవాడు అనే అర్థమున్న మరో మాట ఉంది. పిల్లల వైద్యమైన పీడియాట్రిక్స్, బోధనాశాస్త్రమైన పెడగాజీ దాని సంతానం. బ్రిటిష్ స్పెల్లింగు రెండో జట్టులోని పీడియాట్రిక్స్‌కు పి తరువాత ఒక ‘ఎ’ను అట్టిపెట్టి తేడా చూపుతుంది, అమెరికన్ స్పెల్లింగు ఆ అక్షరాన్ని తీసివేసి రెండు జట్లనూ కలిపేసింది. ఎముకల డాక్టరు బోర్డు మీద ఉండే ఆర్థోపెడిక్‌లో పాదం ఉందనుకునేవారు చాలామంది. నిజానికి అందులో ఉన్నది పిల్లవాడే. ఫ్రెంచి వైద్యుడు నికోలస్ ఆండ్రీ 1741లో పిల్లల శరీరంలోని వంకరలను సరిచేసే విద్యకు, సరిచేయడం, పిల్లవాడు అనే రెండు గ్రీకు మాటలను జోడించి ఈ పేరు పెట్టాడు.

పలకని అక్షరాల కథ వేరు. ఇక్కడ పోలికకు మూలం ధాతువు కాదు, ఒకప్పటి నోరు. నైఫ్, నీ, నాట్, నో, నాక్ మాటలకు ముందున్న ‘కె’ ఒకప్పుడు నిక్షేపంగా పలికేది. జర్మన్‌లో మోకాలిని ఇప్పటికీ ‘క్నీ’ అనే అంటారు. ఇంగ్లిష్ నోటి నుంచి ఆ కకారం దాదాపు 17వ శతాబ్దం చివరికి జారిపోయింది, అచ్చు యంత్రం వల్ల రాత మాత్రం అప్పటికే గట్టిపడి ఉంది. 1476లో ఇంగ్లండ్‌లో తొలి అచ్చుశాల నెలకొల్పిన విలియం కాక్స్‌టన్ కాలం నుంచి స్పెల్లింగు నెమ్మదిగా స్థిరపడుతూ వచ్చింది, ఉచ్చారణ ఆ తరువాత కూడా మారుతూనే పోయింది.

వీటిలో డబ్ల్యూ-ఆర్‌తో మొదలయ్యే గుంపు చాలా ఆసక్తికరమైనది, ఎందుకంటే అక్కడ అక్షరాలతో పాటు అర్థం కూడా కలుస్తుంది. రింగ్ అంటే తడిబట్టను పిండటం. రెంచ్ అంటే మెలితిప్పి లాగడం, మెకానిక్ చేతిలోని పనిముట్టూ అదే. రిస్ట్ తిరిగే మణికట్టు, రీత్ మెలివేసి కట్టిన పూలచక్రం, రింకిల్ ముడత, రిగిల్ మెలికలు తిరుగుతూ కదలడం, రైద్ నొప్పితో మెలికలు తిరగడం, రెస్ట్ చేతిలోనిదాన్ని బలవంతంగా లాక్కోవడం. ఈ చివరి మాటను విశ్రాంతి అనే అర్థమున్న, డబ్ల్యూ లేని రెస్ట్‌తో కలపకూడదు. అన్నింటిలోనూ మెలి ఉంది. తప్పు అనే అర్థమున్న రాంగ్ కూడా మొదట వంకర అనే అర్థంలోనిదే. ఈ గుంపులో వేరుగా నిలిచేది రైట్, అంటే రాయడం; దాని తొలి అర్థం గీరడం, గీత గీయడం.

ఆ మాటను చూడగానే తెలుగు పాఠకుడికి ‘వ్రాయు’ తట్టకపోదు. రెండింటికీ చుట్టరికం లేదు; ఇవి వేరు వేరు భాషా కుటుంబాలకు చెందినవి, పోలిక శుద్ధ కాకతాళీయం. వాటికి జరిగినది మాత్రం ఒకటే. తెలుగు నోరు వ్రాయులోని వకారాన్ని వదిలి ‘రాయు’ అన్నది; క్రొత్త, ప్రొద్దు, క్రింద, గ్రుడ్డు వంటి మాటల్లో రకారాన్ని వదిలింది. పలకని అక్షరాన్ని రాతలో ఉంచాలా వద్దా అన్న ప్రశ్న తెలుగులో పెద్ద వివాదమై, పర్లాకిమిడితో గట్టిగా ముడిపడింది. అక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా ఎన్నో ఏళ్లు పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి, జనం నోట నడిచే భాష రాతలోకీ రావాలని వాదించినవారిలో ముందు నిలిచారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, 1931లో దాని మాన్యువల్‌నూ, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువునూ వెలువరించారు. అంతవరకు రాతకు ఎక్కని భాషను కాగితం మీద పెట్టిన మనిషికి, నోటికీ రాతకూ మధ్య ఎడం ఎలా పుడుతుందో పుస్తకాలు చెప్పవలసిన అవసరం ఉండదు. తెలుగు చివరికి చాలావరకు ‘రాయు’నే ఎంచుకుంది, ఇంగ్లిష్ తన ‘వ్రాయు’ను వదులుకోలేదు.

అలా వదులుకోకపోవడం వల్ల విద్యార్థికి ఒక లాభం ఉంది, పట్టికలు దాన్ని ఎక్కడా ప్రస్తావించవు. ఒక మాటలో మూగగా ఉన్న అక్షరం, దాని చుట్టం నోట గట్టిగా పలుకుతుంది. సైన్‌లో పలకని ‘జి’ సిగ్నల్, సిగ్నేచర్‌లలో పలుకుతుంది; బాంబ్‌లోని చివరి ‘బి’ బంబార్డ్‌లో, క్రమ్‌లోనిది క్రంబుల్‌లో, మజిల్‌లోని ‘సి’ మస్కులర్‌లో, కండెమ్‌లోని ‘ఎన్’ కండెమ్నేషన్‌లో వినిపిస్తాయి. అప్పు అనే డెట్‌లో ‘బి’ ఎందుకుందని అడిగితే డెబిట్‌ను చూపవచ్చు. నిజానికి ఆ ‘బి’ పాతది కాదు. ఫ్రెంచి నుంచి అది లేకుండానే వచ్చిన మాటకు, లాటిన్ మీది మోజుతో పండితులు తరువాత తగిలించారు. థమ్, లిమ్ మాటల చివర ఉన్న ‘బి’కి ఆ పాటి గౌరవం కూడా లేదు, అది ల్యాంబ్, క్లైంబ్ వంటి వాటిని చూసి అంటుకున్నది. ఓ-యు-జి-హెచ్ గుంపు, అంటే దో, త్రూ, టఫ్, కాఫ్, బౌ, గురించి ఎక్కువ చెప్పడానికి లేదు: గొంతులో పలికే ఒక పాత ధ్వని ఒక్కో మాటలో ఒక్కోలా మారింది, కొన్నింటిలో పూర్తిగా పోయింది. వాటిని ఒక్కొక్కటిగా గుర్తుంచుకోవలసిందే.

సి-హెచ్ జంట విషయంలో ఒడియా చదివినవారికి కాస్త ముందుచూపు దొరుకుతుంది. ఒడియా లిపిలో శ, ష, స మూడూ ఉన్నాయి, మాటలో మాత్రం మూడూ సకారంగానే వినిపిస్తాయి. ఎక్కడ ఏది రాయాలో నిర్ణయించేది చెవి కాదు, ఆ మాట సంస్కృతంలో ఎలా ఉండేదన్న జ్ఞానం. ఇంగ్లిష్‌లో దీనికి తలకిందులైన పరిస్థితి: అక్షరాలు ఒకటే, పలుకు మూడు విధాలు, నిర్ణయించేది మళ్లీ పుట్టుకే. చైల్డ్, చర్చ్, చీజ్ ఎంతో కాలంగా ఇంగ్లిష్‌లో ఉన్న మాటలు కనుక చకారం. కోరస్, కెమిస్ట్, క్యారెక్టర్, క్రానిక్, ఎకో, స్కూల్, ఆర్కిటెక్ట్ గ్రీకువి కనుక కకారం. షెఫ్, మెషిన్, బ్రోషర్, పారాషూట్ ఫ్రెంచివి కనుక షకారం. కొత్త మాట శాస్త్రానికో తత్త్వానికో సంబంధించినదైతే కకారాన్ని, వంటకో ఫ్యాషన్‌కో సంబంధించినదైతే షకారాన్ని ఊహించడం చాలాసార్లు ఫలిస్తుంది.

మరో తరహా పోలికను మన ధగధగలు, మిలమిలలు ఎరిగినవారు ఇట్టే గ్రహిస్తారు. జి-ఎల్‌తో మొదలయ్యే గ్లో, గ్లీమ్, గ్లిటర్, గ్లింట్, గ్లేర్, గ్లింప్స్ వెలుగుకో చూపుకో సంబంధించినవి. ఎస్-ఎన్‌తో మొదలయ్యే స్నోర్, స్నార్ట్, స్నిఫ్, స్నౌట్ ముక్కుకు సంబంధించినవి. ఇలాంటి ధ్వని గుంపులకు 1930లో పారిభాషిక పదం కల్పించిన బ్రిటిష్ భాషావేత్త జె. ఆర్. ఫర్త్ అంతకుముందు లాహోర్‌లో ఆచార్యుడిగా పనిచేసినవాడే. తుమ్ముకు ఇంగ్లిష్ మాట స్నీజ్ మొదట ఎఫ్-ఎన్‌తో ఉండి, తరువాత ఈ ముక్కు గుంపులోకి వచ్చి చేరింది. అయినా స్నో, స్నేక్, గ్లవ్, గ్లూ పక్కనే ఉన్నాయి కనుక దీన్ని సూత్రంగా వాడుకోవడం కుదరదు.

పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోగొట్టేది మాత్రం ఐ-ఎన్ అనే ఉపసర్గ. లేదు, కాదు అని చెప్పే ‘ఇన్’ తన పక్కనున్న హల్లును బట్టి రూపం మార్చుకుంటుంది: ఇంపాజిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్. ఉత్, లాసం కలిసి ఉల్లాసం, సత్, జనుడు కలిసి సజ్జనుడు అయిన సంధిసూత్రం తెలిసినవారికి ఇది వింత కాదు. వింతేమిటంటే, ఈ అక్షరాలే ఉన్న మరో ‘ఇన్’కు లోపలికి, లోపల అనే అర్థం ఉంది. ఇన్‌కం, ఇన్‌స్పెక్ట్, ఇంపోర్ట్‌లలో కాదనడం ఎక్కడా లేదు. కాదనే ‘ఇన్’ కూడా ఎప్పుడూ సూటిగా పనిచేయదు. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. ఇన్‌ఫేమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు ఉన్నవాడు.

వీటన్నింటిలో ప్రమాదకరమైనది ఇన్‌ఫ్లేమబుల్. ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద పెట్రోలు ట్యాంకర్ల వెనుక కనిపించే ఆ మాటలో ఉన్నది లోపలి ‘ఇన్’. మంటను లోనికి తెచ్చుకునేది, అంటే వెంటనే అంటుకునేది అని అర్థం. అమెరికాలో అగ్నిమాపక రంగంవారు, జనం దీన్ని అంటుకోనిదని పొరబడతారన్న భయంతో, 1920ల నుంచి ఉపసర్గ లేని ఫ్లేమబుల్ అనే రూపాన్నే వాడాలని పట్టుబట్టారు. రెండు మాటలకూ అర్థం ఒక్కటే. మంట అంటుకోనిదని చెప్పాలంటే నాన్‌ఫ్లేమబుల్ అనాలి.